ఖల్కోస్ హకీం

హకీం అబ్దుల్ వాహెద్ గారికి ఒకటే జబ్బు. ఆయన ఎదుట ఎవరూ రాగిని రాగి అనకూడదు, కంచును కంచు అనకూడదు. రెండింటినీ ‘ఖల్కోస్’ అనాలి. యూనాన్ దేశంలో, అంటే గ్రీసులో, వెనకటివాళ్లు అట్లాగే అనేవారట. యూనానీ వైద్యం చేస్తూ యూనాన్ మాట తప్పితే మందు పనిచేయదని ఆయన నమ్మకం. యాకుత్‌పురా స్టేషన్ బయట కూలీలకు అన్నం, పప్పుచారు అమ్మే సుశీలమ్మ ఈ జబ్బును రోజూ మధ్యాహ్నం భరించేది.

“నీళ్లియ్యి సుశీలమ్మా.”

“రాగి చెంబుల పొయ్యాల్నా, కంచు గిలాసల పొయ్యాల్నా?”

“ఏ ఖల్కోస్‌ల పోసినా తాగుత.”

“రెండిటికీ ఒకటే పేరైతే, మొగుడు ఏది తెమ్మన్నడో ఆ దేశంల పెండ్లానికి ఎట్ల తెలుస్తదయ్యా?”

“వాళ్ల పెండ్లాలు ఇన్ని సవాళ్లు అడగరమ్మా” అని ఆయన అన్నం కలుపుకునేవాడు.

నయాపూల్ దగ్గర పాత పుస్తకాల గుట్టలో ఆయనకు ఒక గ్రీకు నిఘంటువు దొరికింది. దానికి మొదలూ లేదు, చివరా లేదు. ఎలుకలు దయతలచి ‘ఖ’ అక్షరంలో కొన్ని పేజీలు వదిలాయి. ఇంగ్లీషులో ఉన్న వాటి అర్థాలు కోర్టు వకీలు ఒకాయన చెప్పి పెట్టాడు. అందుకని హకీంగారికి గ్రీకులో అన్నం, నీళ్లు, ఆకలి అనడం రాదు. కానీ రాగి సాగగొట్టేవాడు ‘ఖల్కెయుస్’ అనీ, వాడు ఇనుము సాగగొట్టినా ఆ పేరు మారదనీ, వంట గుండి ‘ఖల్కియోన్’ అనీ, మైలుతుత్తం ‘ఖల్కాంథోస్’ అనీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

ఒకరోజు సుశీలమ్మ “బువ్వో! పప్పుచారో!” అని కేకేస్తే రైలు దిగబోయినవాడు ఉలిక్కిపడి మళ్లీ ఎక్కాడు. హకీంగారు పరవశించిపోయి, “మాషాల్లా! ఖల్కియోఫోనోస్!” అన్నాడు.

తిట్టాడనుకుని సుశీలమ్మ గరిటె ఎత్తింది.

“తిట్టు కాదమ్మా. ఖల్కోస్ లెక్క మోగే గొంతు అని.”

“కంచుగొంతు అని మా తాత ఎప్పుడో అన్నడు. గంత మాట కోసం గంత దూరం పోవాల్నా?” అని ఆమె గరిటె దించింది. ఆ పూట అప్పడం మాత్రం వేయలేదు.

రాగి గిన్నెల లోపల తగరంతో కలాయి పూసే బాబూమియాకు కూడా ఈ విషయంలో కడుపుమంటే. “రాగిల తగరం కలిస్తె కంచు అయితది హకీం సాబ్. రెండూ ఒకటెట్ల అయితయ్?”

“వాళ్లు దాంతోనే లడాయి చేసిండ్రు, దాంట్లనే వండుకున్నరు, దాన్నే తోమి మొఖం చూసుకున్నరు. ఇంత పని పెట్టుకొని పేర్లు లెక్కపెడ్తరా భాయ్?”

“మరి తగరాన్ని ఏమంటరు మీ యూనాన్‌ల?”

హకీంగారు పుస్తకం తీసి, ఉన్న పేజీలన్నీ తిప్పి, “ఆ పేజీ లేదు” అన్నాడు. అప్పటినుంచి తగరం ప్రస్తావన వస్తే ఆయన నోరు విప్పేవాడు కాదు. యూనానీలో పేరు తెలియని వస్తువు గురించి మాట్లాడటం ఆయనకు మర్యాదగా తోచేది కాదు.

ఇంతలో పెద్ద లడాయి వచ్చింది. సింగపూర్ జపాను చేతికి పోయిందన్నారు. సింగపూర్ ఎక్కడుందో సుశీలమ్మకు తెలియదు గానీ, దానితోపాటు బజారులో తగరం కూడా పోయింది. బాబూమియా కొలిమి తిత్తి చుట్టబెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కలాయి లేని రాగి గుండిలో చింతపండు పులుసు కాగితే చిలుము దిగుతుంది, తిన్నవాడికి వాంతులు. సుశీలమ్మ గుండి లోపల తెల్లటి పూత అరిగి, అడుగున ఎర్రగా రాగి తేలింది. మట్టి కుండలో వండుదామంటే అంతమంది కూలీలకు ఏ కుండా చాలదు.

ఒక మధ్యాహ్నం హకీంగారు గుండిలోకి తొంగి చూసి ఒక్క గ్రీకు మాట కూడా అనలేదు. ఒంట్లో బాగాలేదేమోనని సుశీలమ్మ అనుకుంది. మర్నాటినుంచి ఆమె పప్పుచారు మానేసి ఉప్పూకారంతో అన్నం పెట్టింది. కూలీలు ఒక్కొక్కరే వేరే బండి వైపు తిరిగారు. ఇట్లాగే సాగితే పొయ్యి ఆర్పేసుకోవాల్సిందేనని ఆమెకు భయం పట్టుకుంది.

“కలాయి నేను పూయిస్త” అని ఎవరైనా అంటే మాత్రం ఆమె ఊరుకునే మనిషి కాదు. ఒకసారి హకీంగారు దగ్గుమందు ఊరికే ఇస్తే, “ఫుకట్ మాల్ నా గడప తొక్కొద్దు” అని ఆయన బల్ల మీద తవ్వెడు బియ్యం కుమ్మరించి వచ్చింది.

అందుకే కాబోలు, ఆయన ఓ హమాలీని వెంటబెట్టుకుని వచ్చాడు.

“సుశీలమ్మా, నీ ఖల్కియోన్ నాకు కావాలె. పరీక్ష ఉన్నది. యూనాన్ పద్ధతిల కొట్టి, చప్పుడు ఇనాలె.”

“గుండి ఇస్తె నేను దేంట్ల వండాలె? నా నెత్తినా?”

“ఇల్మ్ కోసం అమ్మా, విద్య కోసం!” అంటూనే గుండిని హమాలీ నెత్తికెత్తాడు. వెళుతూ, “ఇంట్ల కోడిగుడ్డు పెంకులుంటె దాచిపెట్టు” అని కూడా అన్నాడు. ఇది కొత్త పిచ్చి. కొద్దిరోజులుగా బస్తీలో ప్రతి ఇంటా పెంకులు అడుక్కుంటున్నాడు.

గుండి రాలేదు. పాత రాగిని లడాయి కోసం కొంటున్నారని ఎవరో ఆమె చెవిన వేశారు. సుశీలమ్మ కొంగు బిగించి హకీంగారి దవాఖానాకు నడిచింది.

దవాఖానా వెనక వాకిట్లో పొగ. బస్తీలోని గుండ్లూ బగోనెలూ అన్నీ అక్కడే ఉన్నాయి. బాబూమియా కొలిమి మీద ఆమె గుండిని కాల్చి, నవసాగరం చల్లి, దూదితో తెల్లగా పూత రుద్దుతున్నాడు. హకీంగారు చేతిలోని తగరం కడ్డీని విరిచి అందిస్తున్నాడు.

“గింత తగరం ఏడికెల్లి వచ్చింది?” అందామె.

“ఏడికెల్లి అంటవేందమ్మా! హకీం సాబ్ కుష్తా కోసం దాచుకున్న తగరం” అన్నాడు బాబూమియా. “మొత్తం గిండ్లనే పోస్తుండు.”

కుష్తా అంటే భస్మం. తగరం కాల్చి హకీంగారు చేసే ఆ మందు ముసలి జాగీర్దార్లకు పడుచుదనం తెస్తుందని పేరు. ఆయన దవాఖానా నడిచేదే దాని మీద.

సరిగ్గా అప్పుడే ఒక జాగీర్దారు నౌకరు వచ్చి సలాం చేశాడు. హకీంగారు పొట్లం ఇచ్చి, “ఇది పాతది కాదు, వేరే కుష్తా అని చెప్పు” అన్నాడు.

“తెలుసు హుజూర్. పోయినసారి ఇచ్చినదే మస్తుగ పనిచేసిందట. రెండు పొట్లాలు తెమ్మన్నరు.”

బల్ల కింద గంపనిండా ఉన్న గుడ్డు పెంకులనూ, పక్కనే కాల్చిన పెంకుల బూడిదనూ సుశీలమ్మ చూసింది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆగింది గానీ కళ్లు చెమ్మగిల్లాయి.

“నా గుండికి ఏమియ్యాలె?”

“పరీక్షకు గిన్నె ఇచ్చినోళ్లకు నేనే బాకీ అమ్మా. యూనాన్ కానూన్.”

“మరి గీ తెల్లటిదాన్ని మీ యూనాన్‌ల ఏమంటరు?”

“ఆ పేజీ ఎలుకలు తిన్నయి” అన్నాడాయన, తల ఎత్తకుండా.

మర్నాడు మధ్యాహ్నం యాకుత్‌పురా స్టేషన్ బయట సుశీలమ్మ గొంతు ఖంగుమంది. “బువ్వో! ఖల్కోస్ పప్పుచారో!” అదేదో కొత్త వంటకం కాబోలని కూలీలు రెండేసిసార్లు పోయించుకున్నారు.

హకీంగారు విస్తరి ముందు కూర్చుని అన్నం కలుపుకున్నాడు. ఉండబట్టలేక, “ఖల్కోస్ కాదమ్మా, వండేదాన్ని ఖల్కియోన్ అంటరు” అన్నాడు.

“ముందు తినుండ్రి హకీం సాబ్” అని ఆమె రెండు అప్పడాలు వేసింది.