రోజమ్మగారి చీజ్‌కేక్

మా తోడికోడలు పద్మిని అక్కయ్యకు ఒక గర్వం ఉంది. నగల గురించి కాదు, పిల్లల ఉద్యోగాల గురించి కూడా కాదు. ఎడిసన్‌లో ఏ తెలుగువాళ్ళింట్లో సీమంతమైనా, గృహప్రవేశమైనా ఆవిడ ఒక గుండ్రటి తెల్లటి కేకు పట్టుకుని దిగుతుంది. ముక్క నోట్లో పెట్టుకున్నవాళ్ళు "అచ్చం జున్నులా ఉందండీ" అంటారు. అప్పుడు ఆవిడ మెడ కాస్త నిక్కించి, "ఇది ఇటాలియన్ రికోటా చీజ్‌కేక్, వాళ్ళ పాలవిరుగుడుతో చేసేది. మా పక్కింటి రోజమ్మగారి వంశంలో వస్తున్నది. సొంత కూతురికి కూడా చెప్పకుండా నాకు నేర్పారు" అంటుంది. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. మేముండే ప్లెయిన్స్‌బరో నుంచి కారు వేసుకుని వెళ్ళి మరీ వినాల్సి రావడం నా ఖర్మ.

రోజమ్మ అంటే అసలు పేరు రోజ్. అక్కయ్య భర్త, మా బావగారు ఆదిశేషుగారు ఎడిసన్‌లో ఇల్లు కొన్నప్పటి నుంచీ ఆవిడా, ఆవిడ భర్త సాల్ పక్కింటివాళ్ళు. వాళ్ళ పెద్దలు ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు. సాల్ ప్లంబింగ్ పని చేసి రిటైరయ్యాడు. రెండిళ్ళ మధ్య కంచె ఉంది గానీ దానికి పనేమీ లేదు. ఇటు నుంచి గోంగూర అటు వెళ్ళేది, అటు నుంచి టమాటాలు ఇటు వచ్చేవి. రోజమ్మ వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చునే అక్కయ్య ఆ కేకు నేర్చుకుంది. 2008 చలికాలం మొదట్లో రోజమ్మ నిద్రలోనే పోయింది. అక్కయ్య తోడబుట్టినది పోయినట్టు ఏడ్చింది.

ఆ తర్వాతి మే నెలలో సాల్‌కి ఎనభై ఏళ్ళు నిండుతున్నాయి. కూతురు ఆంజెలా పెరట్లో విందు తలపెట్టింది. ఆ పని మీదే ఒకరోజు అక్కయ్య వంటింట్లోకి వచ్చి కూర్చుంది. నేనూ అక్కడే ఉన్నాను. ఆమె ఇంగ్లిష్‌లో అన్నవన్నీ నేను తెలుగులో చెబుతున్నాను.

"పద్మా, నాన్న సరిగ్గా తినడం లేదు. ఈస్టర్‌కి బేకరీ నుంచి రికోటా కేకు తెస్తే ఒక్క ముక్క తిని ప్లేటు తోసేశాడు. మీ అమ్మది తప్ప ఇంకోటి నా ముందు పెట్టకండి అన్నాడు. అమ్మ ఎక్కడా రాసిపెట్టలేదు. నేను ఎన్నడూ నేర్చుకోలేదు. పద్మకి నా కేకు వచ్చు అని మాత్రం అంటూ ఉండేది. నువ్వు చేసిపెడతావా? నాన్నకి ముందు చెప్పను."

"అది అడగాలా?" అంది అక్కయ్య. మొహం చేటంత అయింది.

ఆంజెలా వెళ్ళాక నా నోరు ఊరుకోలేదు. "అక్కయ్యా, ఆలోచించే ఒప్పుకున్నారా? మన పార్టీల్లో పెట్టడం వేరు. ఆయన పెళ్ళయినప్పటి నుంచి తిన్న రుచి అది. కొంచెం తేడా వచ్చిందనుకోండి, పుట్టినరోజు నాడు ఆ ముసలాయన్ని ఏడిపించినట్టు అవుతుంది."

"నేర్పింది ఎవరే? ఆవిడే కదా! తేడా ఎందుకొస్తుంది? నువ్వు కంగారు పడి నన్ను కంగారు పెట్టకు దుర్గా" అంది గానీ, అప్పటి నుంచి రోజూ ఫోన్. రికోటా ఏ కొట్లో కొనాలి, నారింజ తొక్క ఎంత సన్నగా తురమాలి, అన్నీ నాతో చర్చే. నాకేం తెలుసని!

విందు రోజు పొద్దున్నే వెళ్ళాను. ముందు రోజే రికోటాను బావగారి పాత పంచె ముక్కలో మూటగట్టి, నీరంతా దిగేలా ఫ్రిజ్‌లో పెట్టుకుంది. పాలల్లో కాస్త బొంబాయి రవ్వ ఉడికించి చల్లార్చింది. రికోటాను జల్లెడ మీద వేసి చేత్తో నలిపి దించింది. పంచదార, నారింజ తొక్క తురుము, చిటికెడు దాల్చినచెక్క, చివర్న పాలల్లో కలిపిన మొక్కజొన్న పిండి. మామూలుగా వంట చేస్తూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పే మనిషి ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. కేకు ఓవెన్‌లో పెట్టి తలుపు వేశాక అప్పుడు ఊపిరి వదిలింది.

సరిగ్గా అప్పుడే ఆంజెలా వచ్చింది, చేతిలో గుడ్ల అట్టపెట్టెతో.

"సాయం చేద్దామని వచ్చాను పద్మా. గుడ్లు నేను కొడతాను. చిన్నప్పుడు అమ్మ ఆ ఒక్క పనే నన్ను చేయనిచ్చేది."

మా అక్కయ్య పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టుకోలేదు. మా పిల్లలు ఆమ్లెట్లు తింటారని మా ఇంట్లో మంచినీళ్ళు తాగబోయే ముందు కూడా గ్లాసు వాసన చూస్తుంది. అలాంటి మనిషి ఆ అట్టపెట్టె చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"గుడ్లెందుకు? ఈ కేకులో గుడ్లుండవు."

"ఉంటాయి. బోలెడు ఉంటాయి. సింకు నిండా పెంకులు ఉండేవి."

"నా కళ్ళ ముందు చేసింది ఆంజెలా. ఒక్కటి కూడా వేయలేదు. నేను ముందే అడిగాను, లేవంది."

ఆంజెలా ఓవెన్ అద్దంలోంచి లోపలికి చూసింది. తర్వాత అక్కయ్యను చూసింది. ఆ చూపు నాకు అస్సలు నచ్చలేదు. "పద్మా, నిజం చెప్పు. మా అమ్మ నీకు నిజంగా నేర్పిందా? లేక నువ్వే నీకు కావలసినట్టు మార్చుకున్నావా?"

అక్కయ్య మొహం పాలిపోయింది. ఇంగ్లిష్ తడబడింది. "నేను ఒక్క చెంచా కూడా మార్చలేదు. మీ అమ్మ ఎలా చేసిందో అలాగే" అంది.

"అయితే చిన్నప్పుడు నేను కొట్టిన గుడ్లు ఎక్కడికి పోయినట్టు?" అంది ఆంజెలా. జవాబు కోసం ఆగలేదు. అట్టపెట్టె తీసుకుని వెళ్ళిపోయింది.

వంటింట్లో మేమిద్దరమే మిగిలాం. ఎప్పుడూ ఆవిడ గొప్పలు విని లోలోపల విసుక్కునే నాకు, ఆ క్షణంలో ఆంజెలాను పట్టుకుని నాలుగు దులిపేయాలనిపించింది. కానీ ఏం లాభం? అనుమానం ఇప్పుడు నాలోనూ పడింది. గుడ్డు లేకుండా చీజ్‌కేక్ ఎవరు చేస్తారు? బజారు కేకులన్నిటిలో ఉంటుంది. ఇది వాళ్ళ ఊరి పాతకాలపు వంట కాబట్టి ఉండదేమో అని మేమంతా నమ్మేశాం.

"అక్కయ్యా, ఇప్పుడైనా ఫోన్ చేసి రానని చెప్పేయండి. తలనొప్పి అనండి. నేను వెళ్ళి బేకరీలో ఏదో ఒకటి కొనుక్కొస్తాను."

"బేకరీది తోసేశాడని చెప్పింది కదే. నేనూ వెళ్ళకపోతే ఆయనకి ఇవాళ ఏమీ లేనట్టే" అంది. తర్వాత చిన్న గొంతుతో, "ఆవిడ నాకు అబద్ధం చెప్పదు దుర్గా" అంది. నాకు చెప్పడం కాదది, తనకు తాను చెప్పుకోవడం.

ఓవెన్ ఆపాక కేకును లోపలే ఉంచి చల్లార్చి, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టాం. మధ్యాహ్నం దాటాక పక్కింటి పెరట్లోకి తీసుకెళ్ళాం. అప్పటికే ఇరుగుపొరుగూ, చుట్టాలూ చేరి ఉన్నారు. ఎవరో పాత ఇటాలియన్ పాటలు పెట్టారు. సాల్ తెల్లచొక్కా తొడుక్కుని బల్ల తల దగ్గర కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. ఆంజెలా చాకు తెచ్చి బల్ల మీద పెట్టింది. పొద్దుటి సంగతి ఎంతమందితో చెప్పిందో గానీ, చాలామంది కళ్ళు మా మీదే ఉన్నాయి.

అచ్చు చుట్టూ ఉన్న ఇనప కట్టు విప్పాలి. లోపల గట్టిపడకపోతే అక్కడే అందరి ముందూ జావలా కారిపోతుంది. అక్కయ్య కట్టు మీద చెయ్యి వేసింది. నేను పక్క నుంచి అచ్చు పట్టుకున్నాను. కట్టు వదులైంది. కేకు నిలబడింది. నేను బావగారి వైపు చూస్తే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు, ఏ స్తోత్రం చదువుకుంటున్నారో.

అక్కయ్య ముక్క కోసి సాల్ ముందు పెట్టింది. "రోజ్ కేకు" అంది.

ఆయన తల ఎత్తి ఆవిడను చూశాడు. ఫోర్కుతో చిన్న ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. ఇంకో ముక్క తిన్నాడు. ఎవ్వరూ కదల్లేదు. ఆయన ఫోర్కు కింద పెట్టి తల అడ్డంగా ఊపాడు.

"ఇది నా కేకు కాదు."

అక్కయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆంజెలా "నేను చెప్పాను" అని గొణిగింది.

"నోరుముయ్, ఆంజీ" అన్నాడు సాల్. "ఇది నా కేకు కాదు. ఇది పద్మ కేకు. మన ఇంట్లో ప్రతి ఈస్టర్‌కీ రెండు కేకులయ్యేవి. మొదటిది గుడ్లతో, మనకి. అది అయ్యాక మీ అమ్మ గిన్నెలు, గరిటెలు, అచ్చు, బల్ల అన్నీ మళ్ళీ సబ్బు పెట్టి కడిగేది. అప్పుడు రెండోది మొదలుపెట్టేది. దాని మీద చెయ్యి వేస్తే నా వేళ్ళు విరిచేది."

ఆయన అక్కయ్య వైపు తిరిగాడు. అలాగే చెప్పుకుపోయాడు.

"నువ్వు ఈ వీధికి వచ్చిన ఏడాది మా కేకు పట్టుకుని మీ గుమ్మం ఎక్కింది. నువ్వు మూత కూడా తీయకుండానే, కేకంటే గుడ్డు ఉంటుందని దణ్ణం పెట్టి వెనక్కి పంపించావు. గుర్తుందా? ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తి పడేసింది. ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, ఒక్కరూ కాదనలేదు అంది. ఆ సాయంత్రమే మళ్ళీ రికోటా కొనుక్కొచ్చింది. మొదట్లో అన్నీ జావే. రబ్బరు ముక్కలా ఒకటి వచ్చింది. అవన్నీ ఎవరు తిన్నారనుకున్నావ్? నేనే. చివరికి ఎవరో ముసలావిడ రవ్వ వేయమని చెబితే అప్పుడు కుదిరింది. ఆ తర్వాత నువ్వు నేర్చుకుంటానని వచ్చావు. ఇంకోటి ఉందని పద్మకి చెప్పావంటే చంపేస్తాను అంది నన్ను. తనకి అసలుది కాక నకిలీది ఇచ్చామనుకుంటుంది, బాధపడుతుంది అంది. ఇవాళ చెప్పేశాను. ఇంక ఆవిడ నన్నేం చేస్తుంది?"

అక్కయ్య ఆ ఊరి వాళ్ళందరి ముందూ, నా ముందూ, పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా ఊరంతా తిరిగి 'వాళ్ళ వంశం కేకు' అని చెప్పుకున్న మనిషి. అది వాళ్ళ వంశానిది కానే కాదు. ఆవిడ ఒక్కదాని కోసం పుట్టింది. వెక్కిరించడానికి నాకు ఇంతకంటే మంచి అవకాశం జన్మలో రాదు. కానీ నా కళ్ళే మసకబారిపోయాయి.

ఆంజెలా మాత్రం ఏడవలేదు. కుర్చీలో కూలబడింది. "అంటే అసలుది పోయింది" అంది. "ఇంక ఎవరికీ రాదు. అమ్మతోనే పోయింది."

పాట ఒక్కటే వినిపిస్తోంది. సాల్ తన ముందున్న ప్లేటు వైపు చూస్తున్నాడు. కోపం లేదు, అలసట మాత్రం ఉంది.

అక్కయ్య మొహం తుడుచుకుంది. "దుర్గా, మా ఫ్రిజ్‌లో కింద అరలో ఇంకో రికోటా మూట ఉంది, పట్రా" అంది. ఇది చెడిపోతే మళ్ళీ చేయడానికని రెండింతలు వడగట్టి పెట్టిందట. నాతో అన్నిసార్లు ధైర్యంగా మాట్లాడిన మనిషికి లోపల ఎంత భయం ఉందో నాకు అప్పుడు తెలిసింది.

తర్వాత ఆంజెలా దగ్గరికి వెళ్ళి, "లే" అంది. "పంచదార ఎంతో, ఎంతసేపు కలపాలో, మంట ఎంత ఉండాలో నాకు తెలుసు. గుడ్లు తెలియవు. నీకు గుడ్లొక్కటే తెలుసు. మీ అమ్మ వంటింట్లోకి పద. నేను ముట్టుకోను, రుచి చూడను. పక్కన నిలబడి చెప్తాను. నువ్వు చెయ్యి."

"ఎన్ని వేసేదో నాకు గుర్తులేదు పద్మా. చిన్నపిల్లని."

"ముందు మొదలుపెట్టు."

నేను మూట తెచ్చి ఇచ్చేసి పెరట్లోకి వచ్చేశాను. వంటింటి కిటికీ తెరిచే ఉంది. రోజమ్మ పోయాక ఆ ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదని బావగారు అంటుండేవారు. లోపల నుంచి అక్కయ్య గొంతు వినిపించింది, "రవ్వ వద్దు, పిండి వద్దు, అవి నా కోసం." తర్వాత గిన్నె అంచుకు గుడ్డు కొట్టిన చప్పుడు.

సాల్ చెయ్యెత్తాడు. ఎవరో వెళ్ళి పాట ఆపేశారు. ఆయన కిటికీ వైపు చెవి పెట్టి, ఒక్కో చప్పుడుకీ ఒక్కో వేలు మడుస్తూ వింటున్నాడు. టక్ మంటూ ఒకటి. కాసేపటికి ఇంకొకటి. జనమంతా కేకు ముక్కలు చేతుల్లో పట్టుకుని ఊరికే నిలబడ్డారు. అలా వరసగా వినిపించి, చప్పుడు ఆగిపోయింది. లోపల గిలక్కొట్టడం మొదలైంది.

సాల్ బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఇంకొకటి!" అని కిటికీ వైపు అరిచాడు. "ఇంకొకటి వెయ్యి, ఆంజీ!"