స్టీలు గ్లాసు కింద చీటీ

మా లెక్కల సారు పోయారని నాకు మధ్యాహ్నం అన్నం దగ్గర తెలిసింది. శ్రీసిటీలో మా ఫ్యాక్టరీలో షిఫ్టు మొదలవగానే ఫోన్లు లాకర్లో పెట్టేయాలి. భోజనానికి వదిలాక తీసి చూస్తే, మేమందరం అమ్మ అని పిలిచే సారు భార్య నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే ఒకటే మాట అన్నారామె. "మీ సారు తెల్లారి లేయలేదు నాయనా." పెరుగన్నం డబ్బాకు అట్లాగే మూత పెట్టేశాను. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక ఆయనకు చెప్పడానికి వీల్లేదే అని.

ఆ చెప్పనిదాని గురించే ఇది రాస్తున్నాను.

మీలో కొందరు నా ఆట ఆడి ఉంటారు. బల్ల మీద అట్టపెట్టెలతో వీధులు కట్టి, బొటనవేలంత బొమ్మలను టైలరు టేపుతో కొలిచి నడిపి, పాచికలు వేసి ఆడే గూఢచారుల ఆట. రూల్సు పుస్తకం మీద నా పేరొక్కటే ఉంది. లోపల సగం సారు బుర్ర.

మొదట్లో నా గూఢచారులకు పొడుగు కోట్లు, నల్ల కళ్ళద్దాలు ఉండేవి. తిరుపతిలో సారు ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వారు. "ఈ ఎండలో కోటేసుకోని తిరిగేవోడు గూఢచారా, పిచ్చోడా? బస్టాండులోనే పట్టుకుంటారు గదరా! మన ఊర్లో ఎవుడైనా దాక్కోవల్లంటే ఏం చేస్తాడు? గుండు కొట్టించుకుంటాడు. ఇంక వాణ్ణి యాడని ఎతుకుతావు?"

అంతే, ఆట మారిపోయింది. ఒక్కొక్కరికి ఐదు కొయ్యబొమ్మలు, ఐదింటికీ గుండ్లే. సారు పట్టుబట్టి గుండ్లకు నిజం గంధమే పూశారు. ఆరగానే పెచ్చులూడి బల్లంతా రాలింది. "కొండ మీద గూడా అంతే గదా" అని తుడుచుకున్నారు. తర్వాత పసుపు రంగు వేశాం.

ఐదుగురిలో అసలు గూఢచారి ఒక్కడే. వాడి నంబరు చీటీ మీద రాసి, స్టీలు గ్లాసు బోర్లించి దాని కింద పెట్టాలి. నడిస్తే నాలుగు అంగుళాలు, పరిగెత్తితే ఎనిమిది, కాని పరిగెత్తినవాడి మీద అందరి చూపూ పడుతుంది. అవతలివాడి బొమ్మల్లో అసలువాడు వీడే అని వేలు పెట్టి చూపించడానికి ఒక్కటే అవకాశం. తప్పితే ఓడిపోయినట్టే. సారు తన చీటీలను పాత ప్రశ్నపత్రాల వెనకవైపు చింపి, నాలుగు మడతలు పెట్టి, గోటితో నొక్కేవారు.

పదో తరగతిలో నాకు లెక్కలు చెప్పింది ఆయనే. జవాబు సరిగ్గా ఉన్నా మార్కులు కోసేవారు. "ఆన్సరు పక్కోడి పేపర్లో గూడా ఉంటాది. స్టెప్పులు యాడరా?" అనేవారు. బళ్ళో ఆయన నోట శెభాష్ అని ఒక్కసారి కూడా అనిపించుకోలేదు నేను. చివరికి నేను రాసిన ఆటలో కూడా ప్రతి ఆదివారం ఆయన చేతిలో ఓడిపోతూనే ఉన్నాను.

ఒక ఆదివారం సారు బీపీ మాత్ర వేసుకోవడానికి లోపలికి వెళ్ళారు. నా చెయ్యి తగిలి గ్లాసు జరిగింది, చీటీ కనబడింది అని రాస్తే బాగుంటుంది. అట్లా జరగలేదు. గ్లాసు నేనే ఎత్తాను. చీటీ విప్పి చూసి, మడతలు మళ్ళీ గోటితో నొక్కి పెట్టాను. మూడో నంబరు.

ఆయన వచ్చాక కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించి మూడో బొమ్మ మీద వేలు పెట్టాను. "శెభాష్రా!" అని బల్ల చరిచారు సారు. ఆ మాటకు నా ఒళ్ళు పులకరించింది. దాని వెంటే ఆయన అడగాల్సింది అడిగారు. "ఎట్ల కనుక్కున్నావు? స్టెప్పులు చెప్పు."

స్టెప్పులు లేవు కదా. కల్పించాను. "మీరు అసలువాణ్ణి ఎప్పుడూ గోడవారగానే నడుపుతారు సార్. మీకు తెలియకుండానే."

"నాకు తెలీకుండానా?" అన్నారు. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

తర్వాతి వారం ఆయన బొమ్మలన్నింటినీ వీధి మధ్యలో నడిపారు. నేను మళ్ళీ గ్లాసు ఎత్తాను. ఈసారి, అసలు బొమ్మను ముట్టుకునే ముందు మీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది సార్ అన్నాను. అట్లా వరసగా ఏడు ఆదివారాలు, వారానికొక అబద్ధం. అవన్నీ కలిపి రూల్సు పుస్తకంలో 'నడకను బట్టి పసిగట్టడం' అని ఒక పేజీ కూడా రాశాను. మీ దగ్గర పుస్తకం ఉంటే ఆ పేజీ చింపేయండి.

ఏడో వారం తర్వాత వెళ్తే సారు వరండాలో నల్లబోర్డు గోడవైపు తిప్పి ఉంది. రిటైరయ్యాక కూడా రోజూ సాయంత్రం పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పేవారాయన. మానేశారట.

"నాకే తెలీకుండా నా చెయ్యి ఏందో చేస్తాందంటే, బోర్డు మీద ఏం రాస్తాందో ఎవురికి తెలుసప్పా? పిల్లోళ్ళ బతుకులు గదా. మా అన్నకు గూడా మతిమరుపు ఇట్లే మొదులైంది" అన్నారు.

నోరు పెగల్లేదంటారే, నాది అదేం కాదు. పెగిలేది, నేనే తెరవలేదు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, "అదేం లేదులే సార్" అని వచ్చేశాను. ఎంత నీచం! ఒక్క మాట చెబితే ఆ బోర్డు ఇటు తిరిగేది. ఆ శెభాష్ వెనక్కి ఇచ్చేయాల్సి వస్తుందని చెప్పలేదు.

కొన్ని వారాలు ఆట లేదు. తర్వాత ఆయనే ఫోన్ చేశారు. "ఆటకు రాప్పా." వెళ్తే బోర్డు మళ్ళీ వీధివైపు తిరిగి ఉంది, నిండా సమీకరణాలు. హమ్మయ్య అనుకున్నాను. సిగ్గులేని హమ్మయ్య.

అప్పటినుంచి నేను గ్లాసు ముట్టుకోలేదు. అన్నీ ఓడిపోయాను. సారేమో బీపీ మాత్రకని లోపలికి వెళ్తే ఒక పట్టాన వచ్చేవారు కాదు. ప్రతిసారీ గేటు దాకా వచ్చి, "ఇంకేమన్నా చెప్పల్లనా?" అని అడిగేవారు. "ఏం లేదు సార్" అనేవాణ్ణి. ఆఖరి ఆదివారం ఆట మధ్యలోనే ఆపేశారు. "అలుపుగా ఉండాది. మిగిలింది వచ్చే వారం సూద్దాం." ఆ రోజు కూడా అదే అడిగారు. నేనూ అదే చెప్పాను.

కర్మలన్నీ అయ్యాక అమ్మ దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద వీధులు, గుండ్లు, గ్లాసులు ఎక్కడివక్కడే ఉన్నాయి. "ఆట అయిపోలేదు, కదిలించద్దని చెప్పినాడు. తుడవను గూడా తుడవలేదు నాయనా" అన్నారామె. సారు రూల్సు రాసుకునే నోటుబుక్కు నా చేతిలో పెట్టారు.

అందులో ఒక పేజీలో ఐదును ఐదుతో గుణించుకుంటూ పోయారు. 25, 125, 625, 3,125, 15,625, 78,125. ఒక్క స్టెప్పూ వదల్లేదు. కింద రాసుకున్నారు: 'ఏడుకు ఏడూ కరెక్టు కావడం 78,125లో ఒక్కసారి. అదృష్టం కాదు. ఏడు వారాలకు ఏడు కారణాలు చెప్పినాడు, తప్పు నా చేతిది గూడా కాదు.' దాని కింద గీత గీసి, ఒక కొత్త రూలు: 'చీటీ చూసినవాణ్ణి అవతలివాడు పట్టీయకూడదు. వాడంతట వాడు చెప్పేదాకా ఆట అయిపోయినట్టు కాదు.'

నోటుబుక్కు మూశాను. అమ్మకు అంతా చెప్పాను. మొదటి గ్లాసు నుంచి ఏడో గ్లాసు దాకా, ఏ వారం ఏ అబద్ధం ఆడానో వరసగా. ఆమె తిట్టలేదు. "ఈ మాట ఆయనకు చెప్పింటే ఎంత సంతోషపడింటాడో" అని మాత్రం అన్నారు.

తర్వాత లేచి వెళ్ళి కాఫీ కలుపుకొచ్చారు. ఆ ఇంట్లో కాఫీకి మూడే స్టీలు గ్లాసులు ఉండేవి. ఒకటి నా చేతికిచ్చారు. మిగతా రెండూ బల్ల మీదే, ఒకటి నా చీటీ మీద, ఒకటి సారు చీటీ మీద బోర్లించి ఉన్నాయి. సారు గ్లాసు కింద ఏ నంబరు ఉందో నేను చూడలేదు.