కాంపౌండరు దాటేసిన వాక్యాలు

ఆమె గొర్రెల కాపరి భార్య. నోరు తెరిస్తే మూత పడదని మందలో అందరూ గలగల అనేవారు. కూతుర్ని హాస్టల్లో దింపి వచ్చాక ఆ నోరు దానంతటదే మూతపడింది.

కూతురికప్పుడు ఏడేళ్ళు. పీలగా ఉండేదని పిచ్చుక అని పిలుచుకునేవారు. మంద ఏడాదిలో ఎనిమిది నెలలు పచ్చిక వెంట నడుస్తూనే ఉంటుంది. మూడు ఊళ్ళ బళ్ళలో పిల్ల పేరు రాయించారు. మంద కదలగానే మూడుచోట్లా కొట్టేశారు. "ఒకచోట ఉంచితేగానీ దీనికి చదువు అబ్బదు" అని భర్త తేల్చేశాడు. గలగల కాదనలేకపోయింది. గుడారంలో తన పక్కన పిల్ల పడుకునే చోటు మాత్రం ఎవరినీ తొక్కనిచ్చేది కాదు.

తిరిగే మందకి చిరునామా ఎక్కడిది? దారిలో ఒక పట్నం చివర పశువుల ఆసుపత్రి ఉంది. టీకాలకి మందలన్నీ అక్కడే ఆగుతాయి. "నా పేరు మీద రాయమనండి, తీసి ఉంచుతాను" అన్నాడు అక్కడి ముసలి కాంపౌండరు. సెలవులకి తెచ్చుకుంటే మళ్ళీ వెళ్ళదని భర్త పిల్లని హాస్టల్లోనే ఉంచేశాడు. పిల్లకి రాయడం వచ్చాక ఉత్తరాలు మొదలయ్యాయి.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివేవాడు. "అమ్మా, నేను బాగున్నాను. లెక్కల్లో నాకే ఎక్కువ మార్కులు. నల్ల మేకపిల్ల ఎలా ఉంది?"

"ఇంత కాగితానికి ఇంతేనా అయ్యా?"

"పిల్ల రాత పెద్దది కదమ్మా."

ఆమె ఆ కాగితాన్ని మడిచి రొంటిన దోపుకునేది. దారిలో బడి దుస్తుల్లో ఆడపిల్లలు ఎదురైతే, వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడిపోయేది. వెనకనుంచి భర్త కేకేస్తే ఉలిక్కిపడి పరుగెత్తేది.

మూడో ఏడు విద్యాశాఖవాళ్ళు మందలతోపాటు నడవడానికి ఒక పంతులమ్మను పంపారు. చుట్ట చుట్టిన నల్లబోర్డు, పలకల పెట్టె, గొడుగు. ఇంతే ఆ అమ్మాయి సామాను. మంద పెద్ద అయిన బావగారు గొణిగాడు. "గొర్రెలకి గడ్డి వెతకడానికే తల ప్రాణం తోకకొస్తోంది, ఈవిడకి కుర్చీలు బల్లలు ఎక్కడ తేను?"

"నీడ చూపిస్తే చాలండీ."

మధ్యాహ్నం గొర్రెలు చెట్ల కింద నెమరువేసేటప్పుడు బడి. పదకొండు మంది పిల్లల వెనక, ఉన్ని చిక్కు తీస్తున్నట్టు నటిస్తూ గలగల కూర్చునేది. అడ్డం తిరిగిన గొర్రెపిల్లను తల్లి కడుపులోంచి నేర్పుగా తీసే చేతుల్లో బలపాలు పుటుక్కున విరిగేవి.

"ఈ అక్షరం కింద మళ్ళీ ఇంకోటెందుకమ్మా, చంకన బిడ్డలాగ?"

"అది ఒత్తు అక్కా. అది లేకపోతే అమ్మ కూడా అమ అయిపోతుంది."

ఆ మాటకి గలగల చాలాకాలం తర్వాత పకపకా నవ్వింది.

ఎనిమిది నెలలకి, దాచుకున్న ఏడు ఉత్తరాలూ తీసింది. అన్నిటికన్నా పాతదాన్ని వేలు పెట్టి కూడబలుక్కుంది. 'నేను బాగున్నాను' ఉంది. దాని కింద, ఎప్పుడూ వినని మాటలు. 'నాకిక్కడ ఉండాలని లేదు. గొర్రెల చప్పుడు లేకపోతే నిద్ర పట్టట్లేదు. నాన్నని పంపు. ఏడవను, నడుస్తాను.' రెండో దాంట్లోనూ అదే. మూడో దాంట్లో ఒక్క వాక్యం. ఆ తర్వాతి వాటిలో ఆ ఊసే లేదు.

మందని వదిలి ఒక్కతే పశువుల ఆసుపత్రికి వెళ్ళింది.

"ఇవెందుకు చదవలేదయ్యా?"

కాంపౌండరు కాగితం వైపు చూడలేదు. "చదివితే ఏం చేసేదానివి?"

"పోయి తెచ్చుకునేదాన్ని."

"అందుకేనమ్మా."

గలగల ఉత్తరాలు మళ్ళీ రొంటిన దోపుకుంది. దణ్ణం కూడా పెట్టకుండా బస్సెక్కింది.

హాస్టల్ వరండాలోకి పదేళ్ళ పిల్ల నూనె పెట్టి దువ్విన తలతో వచ్చింది. "అమ్మా! మీరెప్పుడొచ్చారు?"

మీరు! ఆ మాట గలగలకి చురుక్కుమంది. "మందలోనే బడి వచ్చిందే. పద, పోదాం."

"ఇప్పుడా? వచ్చే నెల పరీక్షలు."

"తీసుకెళ్ళమని రాశావుగా."

పిల్ల సిగ్గుపడింది. "అదా... అప్పుడు చిన్నదాన్ని." నేలవైపు చూస్తూ అడిగింది. "అప్పుడెందుకు రాలేదు నువ్వు?"

కాంపౌండరు పేరు నాలుక చివరిదాకా వచ్చింది. "అప్పుడు నాకు చదవడం రాదు కదే" అంది గలగల. అదీ నిజమే. పిల్ల దగ్గరికొచ్చి, తల్లి కొంగు వాసన చూసి, అలాగే ముఖం దాచుకుంది. గంట కొట్టగానే కళ్ళు తుడుచుకుని లోపలికి పరుగెత్తింది.

పిచ్చుక అక్కడే పైతరగతులకి వెళ్ళింది. ఇప్పుడు సెలవుల్లో పది రోజులు మందకి వస్తుంది. నేలమీద పడుకుంటే నడుం నొప్పంటుంది. బావగారి మనవరాలికి ఈ ఏడు ఏడేళ్ళు నిండాయి. ఆ పిల్లని హాస్టల్‌కి పంపే మాటే ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం చెట్ల నీడలో ఆ పిల్ల అ ఆలు గట్టిగా చదువుతుంటే గలగల చేతిలో పని ఆపేస్తుంది. తన కూతురు తొలిసారి ఆ అక్షరాలు పలికినప్పుడు గొంతు ఎలా ఉందో ఆమె ఎరగదు.