మేకల మంద విత్తిన తుమ్మ చేను

దర్శి వైపు ఒక పొగాకు చేను అడవిగా మారుతోందనీ, అందులో ఎవరూ ఒక్క మొక్క కూడా నాటలేదనీ గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి చెప్పాడు. నమ్మకం కలగలేదు. చూసి రాద్దామని బయలుదేరాను.

ఉదయం ఆరింటి బస్సెక్కి, అద్దంకిలో మారి, పదకొండున్నరకు దర్శిలో దిగాను. ఛార్జీలు మొత్తం మూడు రూపాయల ఇరవై నయాపైసలు. అక్కడి నుంచి నాలుగు మైళ్లు ఎద్దుబండి, రూపాయి. బండి తోలే కోటయ్య నవ్వాడు. "ముళ్లకంప చూడ్డానికి గుంటూరు నుంచొచ్చారా అండీ! ఇయ్యాళ రావడం మంచిదైంది లెండి. రేపటికి ఉంటదో లేదో."

ఆ మాటకు అర్థం గట్టెక్కాక తెలిసింది. ఐదెకరాల నల్లరేగడిలో నల్లతుమ్మలు మనిషికి రెండింతలు ఎదిగి ఉన్నాయి. వాటి నీడలో పిట్టలు పడేసిన గింజల నుంచి లేచిన వేప మొక్కలు. గట్టు మీద చేను యజమానురాలు వెంకాయమ్మ గారు, ఆమె మరిది శేషయ్య, గొడ్డళ్లతో ఇద్దరు కూలీలు. శేషయ్యకు పొగాకు బ్యారన్, అంటే పొయ్యి వేడితో ఆకు ఆరబెట్టే కొట్టం, ఉంది. ఆకు ఆరబెట్టే కాలం వస్తోంది, పొయ్యిలోకి కట్టె లేదు.

ఏటా పొగాకే వేయడంతో ఈ నేల సత్తువ పోయింది. వెంకాయమ్మ గారి భర్త రెండు వేసవులు ఇక్కడ మేకల మంద కట్టించారు. రాత్రిళ్లు మందను చేలోనే నిలిపితే పెంటికలు ఎరువవుతాయి. మేకలు తిన్న తుమ్మకాయల గింజలు కూడా వాటితోనే పడతాయి. తొలకరి దుక్కిలో ఆ మొలకలు పోతాయి. రెండో ఏడు దుక్కికి ముందే ఆయన పోయారు. ఆమె ఆ తర్వాత చేలో నాగలి పెట్టనివ్వలేదు.

"వదినా, కట్టె లేకపోతే నా ఆకంతా కుళ్లుద్ది. నువ్వేమో కంపచెట్లకి కాపలా కాస్తన్నావు!"

"మీ అన్న ఆఖరున చేయించిన పనిరా అది."

శేషయ్య తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. "నా పిల్లలు తినేది ఆ బ్యారన్ మీదేగా వదినా."

ఆమె చాలాసేపు చెట్ల వైపే చూసింది. "తూర్పు సగం కొట్టుకో. వేప మొక్క మీద గొడ్డలి పడకూడదు. కొట్టిన చోట వేసవికి నువ్వే మంద కట్టించాలి. నాగలి మాత్రం పెట్టకు."

"మళ్లీ ముళ్లే లేస్తాయి గదా!"

"లేవాలనేగా చెప్పేది."

శేషయ్య కూలీలను తూర్పు వైపు పంపాడు. మొదటి చెట్టు పడేదాకా ఆమె అక్కడే నిలబడింది.

వ్యాపారి చెప్పింది సగమే నిజం. మొక్క ఎవరూ నాటలేదు. నాగలిని మాత్రం ఒక మనిషి ఇన్నేళ్లు ఆపింది. వెళ్లాలనుకునేవారు మందపాటి అడుగున్న చెప్పులు వేసుకోండి, తుమ్మముల్లు పల్చటి తోలును లెక్కచేయదు. పడమటి గట్టు నుంచి చూడండి. తూర్పున ఇప్పటికి మోళ్లే ఉంటాయి.