శుక్రవారం లేని రెండో పాఠం

కరోనా ఆంక్షలు పూర్తిగా తొలగిన ఏడాది, ఎండలు కాస్త నెమ్మదించిన అక్టోబరులో, బహ్రెయిన్‌లోని ఒక ఇండోర్ స్కీ హాలులో నన్ను శిక్షణ విభాగం సూపర్‌వైజరుగా వేశారు. పెద్ద షెడ్డు లోపల యంత్రాలతో మంచు కురిపించి, ఆ మంచు వాలు మీద కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు తగిలించుకుని జారడం నేర్పే చోటది. అప్పటిదాకా హోటళ్ల రిసెప్షన్లలో పనిచేసిన నాకు మంచు సంగతి ఏమీ తెలియదు. తెలియనక్కరలేదన్నాడు జనరల్ మేనేజరు. మంచు చూడటానికి ఎవరైనా ఒకసారి వస్తారనీ, వాళ్లను రెండోసారి రప్పించడమే నా ఉద్యోగమనీ చెప్పాడు.

పద్ధతి ఇలా ఉండేది. మొదటి పాఠంలో బూట్లు బిగించుకోవడం, పడటం, లేవడం, స్కీల ముందు మొనలు దగ్గరకు తెచ్చి మడమలు దూరంగా నెట్టి ఆగడం నేర్పుతారు. ఇదంతా అడుగున ఉన్న చిన్న వాలు మీదే. రెండో పాఠంలో మలుపులు. అది పూర్తి చేసినవాళ్లే కుర్చీల లిఫ్టు ఎక్కి పైనుంచి జారాలి. ఒకసారి లిఫ్టు ఎక్కినవాడు ఇక మానడని మా వృత్తిలో నమ్మకం.

టైంటేబుల్ నేనే వేశాను. శుక్రవారం కొత్తవాళ్ల రద్దీ కాబట్టి ఆ రోజంతా మొదటి పాఠాలే. రెండో పాఠాలు ఆదివారం నుంచి బుధవారం దాకా, సాయంత్రాలు. ఆఫీసుల వాళ్లకూ బడిపిల్లలకూ అది అనువైన సమయం. నాకు తట్టినవాళ్లు వాళ్లే.

నర్సయ్య ఆ చలికాలంలోనే వచ్చాడు. సిత్రాలో చమురు ట్యాంకులకు రంగులు వేసే ఒక కాంట్రాక్టు కంపెనీ, ప్రమాదాలు లేకుండా పని ముగించినందుకు తన మనుషులను ఒక శుక్రవారం బస్సులో తీసుకొచ్చింది. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు. మిగతావాళ్లు ఫొటోలు దిగి చలికి ముడుచుకుని కూర్చుంటే, ఇతను పడి లేచి మళ్లీ వాలెక్కుతూనే ఉన్నాడు.

"ఏందే నర్సన్నా, దుబాయి అచ్చి గిట్ల పల్టీలు గొడ్తున్నవ్? ఇంట్ల సూస్తే నవ్వుతరే," అన్నాడు తోటివాడు. గల్ఫులో ఏ దేశమైనా వాళ్లకు దుబాయే.

"నవ్వనీ రా. మట్టిల పడ్డ, ఇసుకల పడ్డ. మంచుల పడుడు గిదే మొదలు. మెత్తగున్నది."

పోయేముందు కౌంటరు దగ్గరకొచ్చాడు. నేను ఫోనులో మాట్లాడటం విన్నట్టున్నాడు. "సార్, మీరు తెలుగోళ్లే గదా? రెండో పాఠం ఎప్పుడుంటది?"

మాది కాకినాడ. అయినా ఆదివారం నుంచి బుధవారం అని హిందీలో జవాబిచ్చాను. కూలీలుండే క్యాంపుల నుంచి వచ్చేవాళ్లతో తెలుగు మాట్లాడితే చనువు పెరుగుతుందని నా భయం. దానికి హోదా అని పేరు పెట్టుకున్నాను.

అతనికి సెలవు శుక్రవారమే. అందుకని తరువాతి శుక్రవారం సొంతంగా వచ్చి మళ్లీ మొదటి పాఠమే తీసుకున్నాడు. ఆ తరువాత కూడా అంతే. మొదటి పాఠం తీసుకున్న ప్రతివాడినీ కొత్తవాడిగానే లెక్కేసేవాళ్లం. కొత్తవాళ్లు బాగా వస్తున్నారు గానీ రెండో పాఠానికి నిలవడం లేదని మీటింగులో నేను వాపోతున్న రోజులవి.

ఒకరోజు మా నేపాలీ శిక్షకుడు పసాంగ్ నవ్వుతూ వచ్చాడు. "సార్, ఆ భాయ్‌కి ఎలా పడాలో ఇంకెన్నిసార్లు చెప్పాలి? ఆయన పడటం మానేసి చాలా రోజులైంది."

ఆ రోజే శుక్రవారానికి ఒక రెండో పాఠం చేర్చి ఉండాల్సింది. ఒక గంట సర్దుబాటు, అంతే. చూద్దామన్నాను. నర్సయ్య అడిగినప్పుడల్లా వచ్చే నెల అన్నాను.

ఎండలు మళ్లీ ముదురుతున్నప్పుడు చివరిసారి వచ్చాడు. "ఖలాస్ సార్. కాంట్రాక్టు అయిపోయింది, రేపే ఇంటికి పోతున్న. ఒక్కసారి పైనుంచెల్లి జారి పోత."

అతను పక్కవాళ్లను చూసి నేర్చుకున్న మలుపులు పది నిమిషాల్లో చూసి చెబుతానన్నాడు పసాంగ్. సూపర్‌వైజరు ఒప్పుకుంటే పాఠం లేకుండానే అలా పరీక్షించి లిఫ్టు ఎక్కించవచ్చు. ఆ అధికారం నాకుంది. కానీ ఆ పూట అమ్వాజ్ దీవుల నుంచి వచ్చిన డబ్బున్న కుటుంబాలు లిఫ్టు దగ్గర ఉన్నాయి. వాళ్ల మధ్య ఇతన్ని నిలబెట్టడానికి నాకు మనసొప్పలేదు. రూలు రూలే అన్నాను. ఎందుకో ఆ మాట తెలుగులో వచ్చింది. మళ్లీ వచ్చినప్పుడు చూద్దామని కూడా అన్నాను.

"మల్లెక్కడ అస్త సార్?" అని నవ్వాడు. "మీ తప్పేం లేదు. మీకు వారంల ఏడు దినాలున్నయి. నాకు శుక్రవారం ఒక్కటే ఉండె."

లిఫ్టు మీద ఖాళీ కుర్చీలు పైకి వెళ్లి, తిరిగి దిగుతున్నాయి. వాటిని కాసేపు చూశాడు. బూట్లు విప్పి, మొదటి పాఠంలో నేర్పినట్టే పట్టీలు బిగించి కౌంటరు మీద పెట్టి వెళ్లాడు.

ఆ తరువాతి వారం శుక్రవారానికి రెండో పాఠం చేర్చాను. డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, క్యాంపుల మనుషులు వచ్చారు. మళ్లీ చలికాలం వచ్చేసరికి లిఫ్టు ముందు పొడవైన వరస శుక్రవారాలదే. ఆ ఆలోచన నాదేనని జనరల్ మేనేజరు అందరిముందూ మెచ్చుకున్నాడు. కాదని నేను చెప్పలేదు. ఆ వరసలో మాత్రం ప్రతి శుక్రవారం ఒక ముఖం కోసం వెతికేవాణ్ణి. రిటైరై కాకినాడ వచ్చాక కూడా శుక్రవారం మధ్యాహ్నాలు ఆ ఖాళీ కుర్చీలు కళ్ల ముందు తిరుగుతాయి.

మొదటిసారి వచ్చినవాడు రెండో పాఠానికి రాకపోతే, అతనికి ఆసక్తి లేదని మేము రాసుకునేవాళ్లం. అలా రాసుకునే ముందు, అతనికి సెలవున్న రోజున మన దగ్గర ఆ పాఠం ఉందో లేదో చూసుకోవాలి.