రెండు పొయ్యిల ఇల్లు

ఆదిలక్ష్మి పుట్టిల్లు రేపల్లె దగ్గర పెనుమూడి. మిల్లు గుమస్తాగా చేసే భర్త చనిపోయిన ఏడు, కొడుకు గోపాలకృష్ణను వెంటబెట్టుకుని తెనాలి మారీసుపేటలో రెండు గదుల ఇంట్లో అద్దెకు దిగింది. వెనక గది వంటకు, ముందు గది తక్కిన అన్నిటికీ. పిల్లవాడు అక్కడే పెద్దవాడై బట్టల కొట్లో పనికి కుదిరాడు. కుసుమకుమారి చీరాల నుంచి కోడలిగా వచ్చిందీ ఆ గుమ్మంలోకే.

1971 శ్రావణంలో కుసుమకుమారి తండ్రి కబురు పెట్టకుండా వచ్చాడు. ఆదిలక్ష్మి ఉన్న చద్దన్నమే పెట్టింది. ఆయన మజ్జిగ పోసుకుని తృప్తిగా తిన్నాడు. కూతురే ఆ పూట తినలేదు. మర్నాడు ముందు గది మూల మట్టిపొయ్యి వేసుకుంది. అప్పటినుంచి అత్తాకోడళ్లకు మాటల్లేవు. చెప్పుకోవలసినవి గోపాలకృష్ణ చేత చెప్పించుకునేవారు, ఒక్కోసారి ముగ్గురూ ఒకే గదిలో ఉండగానే.

ఇంటి యజమాని శివరామయ్యది బాపట్ల. ఇల్లు ఖాళీ చేయించి కొత్తవాళ్లకు ఇవ్వాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది గాని, కారణం దొరకలేదు. ఒకనాడు స్టేషన్ నుంచి నడిచి వస్తుంటే వీధి కిటికీలోంచి ఒక పొగ, వెనక పెంకుల మీంచి ఒక పొగ కనిపించాయి. ఆదిలక్ష్మికి ఇచ్చిన ఇంట్లో తన అనుమతి లేకుండా ఇంకో కాపురం పెట్టించిందని, కొడుకైనా వేరుపడ్డాక బయటివాడేనని మునసబు కోర్టులో కేసు వేశాడు.

ఆదిలక్ష్మి వకీలు ప్రకాశరావు ఉన్నమాట చెప్పాడు.

"ఇల్లు చూసి రమ్మని కోర్టువారు ఓ కుర్ర వకీలుని పంపుతున్నారమ్మా. ఆయన రాసిందే నమ్ముతారు. ఈలోగా ఆ ముందు గది పొయ్యి తీయించెయ్యండి."

గోపాలకృష్ణ పక్కింటి గునపం తెచ్చాడు. కుసుమకుమారి గిన్నెలు తీసుకుని గోడవారగా నిలబడింది. ఆదిలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది.

"ఆగరా."

"వకీలుగారు చెప్పారు కదే."

"ఆయనకేం, చెప్తాడు. కాపురం చేసుకునే పిల్ల పొయ్యి పగలగొడతావా? ఆ కీడు ఎవరికి తగుల్తుంది, నీక్కాదూ?"

"ఇల్లు పోతుందమ్మా."

"పోతే ఇంకోటి చూసుకుందాం."

అంది గాని, భర్త పోయిన కొత్తలో ఇల్లు వెతుక్కుంటుంటే మగదిక్కు లేదని ఎన్ని గుమ్మాల్లో తనను కాదన్నారో ఆమె మరిచిపోలేదు. గునపం తనే తీసుకెళ్లి పక్కింట్లో ఇచ్చి వచ్చింది.

కోర్టు పంపిన వకీలు పేరు ఎజ్రా. బూట్లు వీధిలోనే విప్పి వచ్చాడు. వెనకే శివరామయ్య, ప్రకాశరావు.

"పొయ్యిలు ఎన్నండీ?" అన్నాడు ఎజ్రా.

"రెండండి," అంది ఆదిలక్ష్మి.

"విన్నారుగా, రాసుకోండి," అన్నాడు శివరామయ్య. "అత్తాకోడళ్లు మాట్లాడుకోరు కూడాను. అడగండి."

"మాట్లాడుకోమండి," అంది ఆమె.

ఎజ్రా రాసుకున్నాడు. వకీలు ప్రకాశరావు కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడ్డాడు.

అప్పటికి భోజనాల వేళ అయింది. గోపాలకృష్ణ కొట్టుకు వెళ్లాలి. కుసుమకుమారి చిన్న గిన్నె పట్టుకుని, అంతమంది మగవాళ్లను తప్పించుకుంటూ వెనక గదిలోకి నడిచింది. మూలనున్న ఆవకాయ జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పింది. లోపలున్న గరిటెతో తీసుకుని, మళ్లీ వాసెన కట్టి, ఎవరివంకా చూడకుండా వెళ్లిపోయింది. ఆదిలక్ష్మి తల కూడా తిప్పలేదు.

ఎజ్రా కలం ఆగింది. "ఆ జాడీ ఎవరిదండీ?"

"మాదేనండి."

"మీదా, కోడలుగారిదా?"

"ఇద్దరిదీనండి. వేసవిలో కలిసి పెట్టాం, శ్రావణంలో విడిపోయాం. మధ్యలో జాడీ మారిస్తే బూజు పట్టిపోదూ?"

"మరి ఆవిడ వచ్చి తీసుకుంటుంటే మీరేమీ అనరా?"

"ఏమంటానండీ? తను కొట్టిన కారమే కదా. గట్టిగా కడితే విప్పుకోలేదని వాసెన కాస్త వదులుగానే కడతాను."

ఎజ్రా శివరామయ్య వైపు తిరిగాడు. "బాబాయిగారూ, మీ ఇంట్లో ఊరగాయ జాడీలో ఎవరైనా చెయ్యి పెట్టొచ్చా?"

"ఎవరైనానా?" శివరామయ్య నవ్వాడు. "భలేవారే. బయటివాళ్లదాకా ఎందుకండీ, మా ఆవిడ కన్నకూతుర్నే..."

అని ఆగిపోయాడు. ఎజ్రా రాసుకుంటూనే ఉన్నాడు.

కేసు కొట్టేశారు. రెండు పొయ్యిలున్నా అది ఒకే కుటుంబమన్నారు. ప్రకాశరావు ఆ సంగతి చెప్పి, ఇంకోమాట కూడా అన్నాడు. "ఆయన అప్పీలుకి వెళ్తాడేమో. అందాకా జాడీ మాత్రం వేరు చెయ్యకండమ్మా."

మరుసటి వేసవిలో మామిడికాయలు వచ్చాయి. ముందు గదిలో కోడలు ముక్కలు తుడిచింది, వెనక గదిలో అత్త ఆవపిండి కలిపింది. గోపాలకృష్ణ మధ్య గుమ్మంలో కూర్చున్నాడు.

"అమ్మా, ఉప్పు తక్కువేమో అంటోంది."

"రుచి చూసి వెయ్యమను. నా నాలుకకి తెలియడం లేదు," అంది ఆదిలక్ష్మి.

కుసుమకుమారి లేచి లోపలికి వచ్చింది. వేలితో తీసి రుచి చూసింది. మాట్లాడకుండా ఇంకో గుప్పెడు ఉప్పు వేసి, వాసెన గుడ్డ ఉతకడానికి పట్టుకుపోయింది.