కమ్మీ పట్టుకోని కండక్టరు

ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో, కదిలే బస్సులో ఆయన కమ్మీ పట్టుకున్న పాపాన పోలేదు. ఒక చేతిలో టికెట్లు, ఇంకో చేతిలో చిల్లర, భుజాన తోలుసంచి. డ్రైవరు ఎంత గట్టిగా బ్రేకు వేసినా పడేది ప్రయాణికులే కానీ ఆయన కాదు. పైగా "పట్టుకోండమ్మా, పట్టుకోండి! పడితే నన్నంటారు!" అని అందరి మీదా అరిచేవాడు. డిపోలో ఆయన్ని 'స్తంభం' అనేవారు.

అలాంటి స్తంభం ఒకరోజు పొద్దున్నే పళ్లు తోముకుంటూ కూలబడింది. పక్షవాతం. ప్రాణం దక్కింది, మాట దక్కింది, నోటి దురుసైతే చెక్కుచెదరలేదు. ఎడమ పక్క మాత్రం చెప్పిన మాట వినడం మానేసింది. కుర్చీలో కూర్చోబెడితే నిమిషం తిరక్కుండా ఎడమకు ఒరిగిపోయేవాడు. భార్య పాత దుప్పటి చింపి, ఆ గుడ్డను ఆయన నడుముకు చుట్టి, కుర్చీ వెనక ముడి వేసేది. ఆ ముడి వేసేటప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు.

ఆవిడ పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేస్తుంది. సెలవులన్నీ అయిపోవచ్చాయి. ఇంకో రెండు నెలల్లో చేరకపోతే రాజీనామా రాసివ్వాల్సిందే. మనిషిని కుర్చీకి కట్టేసి వెళ్లడానికి ఆవిడకు మనసొప్పదు, కట్టకుండా వెళ్లడానికి ధైర్యం చాలదు. ఆ ఉద్యోగమంటే ఆవిడకు ఎంత ప్రాణమో ఆయనకు తెలుసు. తన మూలంగా అది పోతుందన్న ఆలోచన ఆయన్ని లోపల్లోపల తినేస్తోంది.

ఆ సమయంలోనే వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి, "అంకుల్, గుర్రం ఎక్కుతారా?" అంది.

"కుర్చీలోనే నిలవనివాణ్ణి గుర్రం ఎక్కమంటావేంటమ్మా? నా మీద ఏమైనా కోపమా?"

"గుర్రం నడుస్తుంటే దాని మీద కూర్చున్నవాళ్ల నడుము అచ్చం మనం నడిచినట్టే కదులుతుంది అంకుల్. పడిపోకుండా ఆపుకోవడం ఒంటికి మళ్లీ అలవాటవుతుంది. డాక్టరు గారు కూడా సరేనన్నారు."

ఊరి చివర ఇసుక పోసిన ఆవరణ, చుట్టూ చెక్క కంచె. అక్కడున్న ముసలి ఆడగుర్రాన్ని అందరూ 'బామ్మ' అంటారు. దాని పగ్గం పట్టి నడిపించేది నెరిసిన మీసాల గుర్రాల తాత. ఏటవాలు చెక్క బల్ల మీదుగా పైకి తీసుకెళ్లి, తలకు హెల్మెట్ పెట్టి, కండక్టరును బామ్మ వీపు మీద కూర్చోబెట్టారు. అమ్మాయి ఎడమ వైపు, నేర్పిస్తే నేర్చుకున్న భార్య కుడి వైపు. బామ్మ ఒక్క అడుగు వేసేసరికి ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. ముందున్న పిడిని కుడిచేత్తో ఉడుంపట్టు పట్టాడు.

"పట్టుకోండి! పట్టుకోండి!" భార్య అడుగడుగునా అరుస్తూనే ఉంది.

వారానికి రెండుసార్ల చొప్పున మూడు వారాలు అలాగే గడిచాయి. "పిడి పట్టుకున్నంత కాలం మీ నడుముకు పనేముంది అంకుల్?" అని అమ్మాయి ఎంత బతిమాలినా ఆయన ససేమిరా అన్నాడు.

నాలుగో వారం గుర్రాల తాత ఉన్నట్టుండి అడిగాడు. "కండక్టరు గారూ, బస్సు మలుపు తిరిగేటప్పుడు ఏమీ పట్టుకోకుండా ఎలా నిలబడేవారండీ? నేనైతే సీట్లో కూర్చుని కూడా పడిపోతాను."

జబ్బు చేశాక ఆయన పని గురించి అడిగిన మొదటి మనిషి ఆ తాతే. ఆయనకు ఎక్కడలేని హుషారూ వచ్చేసింది.

"అదేమంత బ్రహ్మవిద్యా? ఒళ్లు బిగపట్టకూడదు. కిందికి చూడకూడదు. చూపు చివరి సీటు మీదుండాలి. బస్సు ఎటు ఊగితే నడుముని అటు పోనివ్వాలి. అంతే! దాంతో పోట్లాడామా..."

అక్కడ ఆగిపోయాడు. తాత మీసాల్లో నవ్వుకుంటున్నాడు. కండక్టరు మెల్లగా తలెత్తాడు. కంచె దగ్గర నీలం రంగు నీళ్ల డ్రమ్ము కనిపించింది. అదే చివరి సీటు అనుకున్నాడు. పిడి వదిలేశాడు.

"అయ్యో, పట్టుకోండి!"

"ఇక్కడ కండక్టరు నేనా, నువ్వా?" అని భార్యను కసిరి, గొంతెత్తి అరిచాడు. "రైట్ రైట్!"

బామ్మ కదిలింది. నాలుగంటే నాలుగే అడుగులు. ఐదో అడుగుకు ఎడమకు ఒరిగితే అమ్మాయి పట్టుకుంది. ఆ నాలుగు అడుగులకే భార్య చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

తర్వాతి వారాల్లో పిడి పట్టుకోని ఆ నాలుగు అడుగులూ డ్రమ్ము దాకా సాగాయి, డ్రమ్ము దాకా సాగినవి ఆవరణంతా చుట్టి వచ్చాయి. చెయ్యి ఇంకా మొద్దుగానే ఉంది, కర్ర లేనిదే నడవలేడు. కానీ ఇంట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటున్నాడు. పది నిమిషాలు, అరగంట, భోజనమంతసేపు. ఆఖరికి ఒక పూటంతా.

ఆవిడ ఉద్యోగంలో చేరాల్సిన రోజు వచ్చింది. నీళ్లు, మాత్రలు, ఫోను ఆయన చేతికందేలా పెట్టింది. పక్కింటావిడకు రెండుసార్లు చెప్పి వచ్చింది. అలవాటుగా, నడుముకు కట్టే గుడ్డను మేకు మీంచి అందుకుంది. ఆయన కుడిచెయ్యి చాపాడు. గుడ్డ తీసుకుని, ఒంటిచేత్తో తంటాలు పడి మడిచి, తన కిందే వేసుకుని కూర్చున్నాడు.

ఆవిడ గుమ్మం దాకా వెళ్లింది. తిరిగి చూసింది. చెప్పులేసుకుంది. మళ్లీ చూసింది.

"బస్సు ఎంతసేపాపుతావే? జనం తిడతారు," అన్నాడాయన. ఆ తర్వాత, వీధి చివరకు వినిపించేలా, "రైట్ రైట్!"

ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఐదు నెలల తర్వాత మొదటిసారి, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.